హేండిల్ ఒక చుట్టు తిరిగితే ప్లేటు ఎన్ని చుట్లు?
(సంఘ సభ్యులకు గేరు నిష్పత్తి పాఠం)

పాలకు ధర వెన్న శాతాన్ని బట్టి కడతారన్న సంగతి సంఘ సభ్యులందరికీ తెలిసినదే. ఆ వెన్న పరీక్షలో యాసిడ్ కొలత సరిగా ఉన్నదా, పాల కొలత సరిగా ఉన్నదా, వేడినీళ్ళు తగినంత వేడిగా ఉన్నాయా అని అడిగే సభ్యులు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఇది సంతోషించవలసిన విషయం. కాని నాలుగో ప్రశ్న ఒకటి ఉన్నది. సెంట్రిఫ్యూజ్ ఎంత వేగంతో తిరిగింది? ఈ ప్రశ్న అడిగిన సభ్యుణ్ణి నా తనిఖీలలో చాలా అరుదుగా చూశాను. అది మూత కింద ఉండే యంత్రం వ్యవహారం, మనకు అర్థమయ్యేది కాదు అనుకుంటారు. ఆ మూత కింద ఉన్నవి నాలుగు పళ్ళ చక్రాలు. వాటి లెక్క చిన్న తరగతుల్లో నేర్చిన ఎక్కాలకు మించినది కాదు. అది తప్పితే మాత్రం ఊరందరి పాల డబ్బు తప్పుతుంది. అందుచేత ఈసారి దానిని గురించి కాస్త వివరంగా వ్రాస్తున్నాను.

ముందు ఇంట్లో ఉన్న వస్తువుతో మొదలు పెడదాం. పెద్ద కవ్వానికి తాడు చుట్టి మజ్జిగ చిలకడం మీరు చూసే ఉంటారు. తాడు ఒక మూర, అంటే దాదాపు 45 సెంటీమీటర్లు లాగితే కవ్వం ఎన్ని చుట్లు తిరుగుతుంది? కవ్వం కర్ర చుట్టుకొలత 9 సెంటీమీటర్లు ఉంటే 5 చుట్లు. కర్ర లావుగా ఉండి చుట్టుకొలత 15 సెంటీమీటర్లు ఉంటే అదే మూర తాడుకు 3 చుట్లే. చేయి కదిలింది అంతే, తాడు అంతే. కర్ర సన్నబడితే చుట్లు పెరిగాయి, లావెక్కితే తగ్గాయి. గేరు లెక్క మొత్తం ఇందులోనే ఉన్నది.

రాట్నం చూడండి. పెద్ద చక్రం మీద నుంచి సన్నని కదురు మీదకు దారం పోతుంది. చక్రాన్ని ఒక్క చుట్టు తిప్పేసరికి కదురు కొన్ని పదుల చుట్లు గిర్రున తిరుగుతుంది. అయితే దారం ఒక్కోసారి జారుతుంది. జారినప్పుడు చక్రం తిరిగినా కదురు తిరగదు. ఆ జారుడు లేకుండా చేయడానికే చక్రాల అంచులకు పళ్ళు పెట్టారు. ఒక చక్రం పన్ను రెండో చక్రం పళ్ళ సందులో పడి దానిని నెడుతుంది. ఒక పన్ను కదిలితే రెండోది కూడా ఒక పన్నే కదలాలి, ఎక్కువ లేదు, తక్కువ లేదు. సైకిలులో గొలుసు చేసే పనీ ఇదే. తొక్కే చక్రానికి 48 పళ్ళు, వెనక చక్రానికి 18 పళ్ళు ఉన్నాయనుకోండి. తొక్కే చక్రం ఒక పూర్తి చుట్టు తిరిగితే 48 పళ్ళు గడుస్తాయి. వెనక కూడా 48 పళ్ళే గడవాలి. దానికి ఉన్నవి 18 కనుక అది రెండు చుట్లు, మరో మూడింట రెండు వంతులు తిరుగుతుంది. 28 అంగుళాల సైకిలైతే ఒక్క తొక్కుకు దాదాపు ఆరు మీటర్లు పోతుంది.

ఇక సూత్రం చెప్పుకుందాం. బలం ఇచ్చే చక్రాన్ని తిప్పే చక్రం అందాం, దాని వల్ల తిరిగేదాన్ని తిరిగే చక్రం అందాం. తిప్పే చక్రం పళ్ళను తిరిగే చక్రం పళ్ళతో భాగిస్తే వచ్చేదే గేరు నిష్పత్తిగా ఈ పాఠంలో తీసుకుంటున్నాను. తిప్పే చక్రం వేగాన్ని ఆ నిష్పత్తితో హెచ్చిస్తే తిరిగే చక్రం వేగం వస్తుంది. 60 పళ్ళ చక్రం 20 పళ్ళ చక్రాన్ని తిప్పితే నిష్పత్తి 3. మొదటిది నిమిషానికి 50 చుట్లు తిరిగితే రెండోది 150. తారుమారు చేసి 20 పళ్ళది 60 పళ్ళదాన్ని తిప్పితే వేగం మూడో వంతుకు పడిపోతుంది. చొప్ప కోసే మిషనులో చొప్పను లోపలికి లాగే రోలర్లు కత్తి చక్రం కంటె ఎంతో నెమ్మదిగా తిరగడం ఇటువంటి ఏర్పాటు వల్లనే. అక్కడ గేరు మారిస్తే ముక్క పొడవు మారుతుంది.

రెండు జతల చక్రాలు వరుసగా ఉంటే రెండు నిష్పత్తులను హెచ్చించాలి. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది, అర్థం చేసుకుంటే చిక్కు కాదు. 60 పళ్ళ చక్రానికి, 10 పళ్ళ చక్రానికి నడుమ 30 పళ్ళ చక్రం ఒకటి ఒంటరిగా పెడితే వేగం ఏమీ మారదు. 60, 30 మధ్య నిష్పత్తి 2, 30, 10 మధ్య 3, హెచ్చిస్తే 6. నడిమిది తీసివేసినా 60ని 10తో భాగిస్తే 6 వస్తుంది. నడిమి చక్రం తిరిగే దిక్కును మాత్రమే మారుస్తుంది. అలా కాక ఒకే ఇరుసు మీద రెండు వేరు వేరు చక్రాలు బిగించి ఉంటే, ఒకటి బలం పుచ్చుకొని రెండోది బలం ఇస్తుంటే, అప్పుడు నిజంగా రెండు మెట్లు. మన చేతి సెంట్రిఫ్యూజ్‌లో కొన్ని ఈ రకానివి.

ఊరికే ఏదీ రాదని రైతుకు వేరే చెప్పనక్కర లేదు. వేగం మూడు రెట్లు పెరిగితే తిప్పే శక్తి మూడో వంతు అవుతుంది. ఎత్తు గేరులో సైకిలు గట్టెక్కదు. సన్న కవ్వానికి తాడు లాగడం బరువు. దీనిని గుర్తు పెట్టుకోండి, కొద్ది సేపట్లో ఇది మనకు అవసరం అవుతుంది.

ఇప్పుడు పరీక్ష గదిలోకి వద్దాం. స్విట్జర్లాండుకు చెందిన నిక్లాస్ గెర్బర్ 1890లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతినే మనం ఇప్పటికీ వాడుతున్నాము. బ్యూటిరోమీటరులో 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాలు పోస్తాము. యాసిడ్ పాలలోని మాంసకృత్తులను కరిగించి వెన్న బిందువులను విడిపిస్తుంది. విడిపించిన వెన్నను ఒక చోటికి చేర్చడం సెంట్రిఫ్యూజ్ పని. కుండలో పాలు రాత్రంతా కదలకుండా ఉంచితే మీగడ తనంత తానే పైకి తేలుతుంది. భూమి లాగే బలానికి బరువైన నీటి భాగం కిందికి, తేలికైన వెన్న పైకి పోతాయి. రాత్రంతా పట్టే ఆ పనిని అయిదు నిమిషాల్లో చేయాలంటే లాగే బలం ఎన్నో రెట్లు కావాలి. భారత ప్రమాణం ఐ.ఎస్. 1224 ప్రకారం ఆ బలం భూమి లాగే బలానికి 350 రెట్లు ఉండాలి, 50 రెట్లు అటూ ఇటూ కావచ్చు. అంటే 300కు తగ్గరాదు, 400కు మించరాదు.

ఈ బలం రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి, ప్లేటు మధ్య నుంచి బ్యూటిరోమీటరు రబ్బరు మూత చివర దాకా ఉన్న దూరం. రెండు, ప్లేటు వేగం. దూరం రెట్టింపైతే బలం రెట్టింపు అవుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లు అవుతుంది, మూడు రెట్లయితే తొమ్మిది రెట్లు. దూరాన్ని సెంటీమీటర్లలో తీసుకొని, నిమిషానికి చుట్ల సంఖ్యతో రెండు సార్లు హెచ్చించి, ఆ వచ్చినదాన్ని 0.00001118తో హెచ్చిస్తే బలం ఎన్ని రెట్లో వస్తుంది. కార్యదర్శి దగ్గర కాలిక్యులేటర్ ఉంటే ఒక నిమిషం పని.

దూరం 25 సెంటీమీటర్లు, హేండిల్ ఒక చుట్టుకు ప్లేటు 18 చుట్లు తిరిగే చేతి యంత్రం ఒకటి తీసుకుందాం. లెక్క ఇట్లా వస్తుంది.

హేండిల్ నిమిషానికి 50 చుట్లు: ప్లేటు 900, బలం 226 రెట్లు
హేండిల్ 55 చుట్లు: ప్లేటు 990, బలం 274 రెట్లు
హేండిల్ 58 చుట్లు: ప్లేటు 1044, బలం 305 రెట్లు
హేండిల్ 62 చుట్లు: ప్లేటు 1116, బలం 348 రెట్లు
హేండిల్ 66 చుట్లు: ప్లేటు 1188, బలం 394 రెట్లు
హేండిల్ 70 చుట్లు: ప్లేటు 1260, బలం 444 రెట్లు

ఈ పట్టికను ఒకసారి నిదానంగా చూడండి. 58కి 66కి మధ్య ఎనిమిది చుట్ల సందు మాత్రమే సరైనది. చేయి నొప్పి పుట్టి నిమిషానికి 62 చుట్లు తిప్పవలసినవాడు 50 తిప్పాడనుకోండి. చూసేవాడికి తేడా తెలియదు. వేగం తగ్గింది అయిదో వంతు. బలం తగ్గింది మూడో వంతు పైన. గేరు మంచిని ఎట్లా హెచ్చిస్తుందో పొరబాటును కూడా అట్లాగే హెచ్చిస్తుంది. హేండిల్ దగ్గర ఒక్క చుట్టు తప్పితే ప్లేటు దగ్గర 18 తప్పుతాయి.

సెంట్రిఫ్యూజ్ అంటే నిమిషానికి 1100 చుట్లు అని టెస్టర్లు అప్పజెబుతూ ఉంటారు. అది 25 సెంటీమీటర్ల ప్లేటుకు సరే. దూరం 20 సెంటీమీటర్లే ఉన్న చిన్న యంత్రంలో 1100 చుట్లకు బలం దాదాపు 270 మాత్రమే. దానికి 1250 దాకా కావాలి. అంకె బట్టీ పట్టడం కంటె తమ యంత్రాన్ని కొలుచుకోవడం మేలు.

బలం చాలకపోతే ఏమవుతుంది? చిన్న చిన్న వెన్న బిందువులు కాడలోకి చేరకుండా కింద నల్లని ద్రవంలోనే ఉండిపోతాయి. రీడింగు తక్కువ చూపుతుంది. వేగం చాలని సెంట్రిఫ్యూజ్ ఎప్పుడూ వెన్నను తక్కువ చేసి చూపుతుందే గాని ఎక్కువ చేసి చూపదు. నష్టపోయేది ఎప్పుడూ పాలు పోసినవాడే. రోజుకు 10 కిలోల గేదె పాలు పోసే సభ్యుడికి రీడింగులో రెండు పాయింట్లు, అంటే 0.2 శాతం తగ్గిందనుకోండి. 20 గ్రాముల వెన్న లెక్కలో లేకుండా పోయింది. కిలో వెన్నకు 800 రూపాయలు అని సులువుగా లెక్క వేసుకుంటే రోజుకు 16 రూపాయలు, నెలకు 480. ఇది ఒక్క ఇంటి లెక్క.

కొన్నేళ్ళ క్రితం నేను తనిఖీ చేసిన ఒక సంఘం సంగతి ఇక్కడ చెప్పాలి. ఊరి పేరు అనవసరం. నేను వెళ్ళేసరికి ఊళ్ళో రెండు వర్గాలు తయారై ఉన్నాయి. వెన్న తగ్గిందని సభ్యుల గోల. టెస్టరు చేతివాటం చూపుతున్నాడని ఒక వర్గం, దాణా కల్తీ అని ఇంకొక వర్గం. ఒక పెద్దాయన నాతో అన్నాడు: "అయ్యా, గేదె అదే, గడ్డి అదే, దాణా అదే. రెండు నెలల నుంచి నా వెన్న మాత్రం అది కాదు." టెస్టరు ముప్పై దాటని మనిషి. అతన్ని తీసివేయడానికి పాలకవర్గం తీర్మానం చిత్తు కూడా వ్రాసి పెట్టుకున్నది. అప్పటికే కొందరు సభ్యులు పాలు బయటి వాళ్ళకు పోయడం మొదలు పెట్టారు.

నేను ముందు పుస్తకాలు తీశాను. పాల కొనుగోలు రిజిస్టరు ఒక పక్క, డెయిరీ నుంచి వచ్చిన ట్రక్ షీట్లు ఒక పక్క పెట్టి చూస్తే ఒక తేదీ నుంచి సంఘానికి వెన్న మిగులు కనబడుతున్నది. సంఘంలో సభ్యులకు వేసిన వెన్న కంటె డెయిరీ వారు కట్టిన వెన్న ఎక్కువ. ఉదయం పూటా అంతే, సాయంత్రం పూటా అంతే. టెస్టరు బంధువుల పాలలో కూడా అంతే తగ్గింది, అతన్ని తిట్టినవాళ్ళ పాలలో కూడా అంతే తగ్గింది. ఒక ఇంటి పాలలో వెన్న తగ్గితే అది గేదె సంగతి కావచ్చు, మనిషి సంగతి కావచ్చు. ఊరందరి పాలలో ఒకే రోజు నుంచి తగ్గితే యంత్రాన్ని చూడాలి. నగదు పుస్తకం తిరగేస్తే ఆ తేదీకి రెండు రోజుల ముందు వోచరు ఒకటి ఉన్నది: సెంట్రిఫ్యూజ్ గేరు జత కొత్తది చేయించిన కూలి.

యంత్రం మూత విప్పించాను. అది రెండు మెట్ల యంత్రం. హేండిల్ ఇరుసు మీద 60 పళ్ళ చక్రం పక్క ఇరుసు మీది 20 పళ్ళ చక్రాన్ని తిప్పుతుంది, ఇది 3 రెట్లు. రెండో మెట్టులో పాత జత 60 పళ్ళు, 10 పళ్ళు, ఇది 6 రెట్లు. మొత్తం 18. పాత 10 పళ్ళ పినియన్ విరిగితే పట్నంలో లేతు పని చేసే టర్నరుకు ఇచ్చారు. అతడు పనివాడే. 10 పళ్ళ చక్రానికి పన్ను మొదలు సన్నబడి మళ్ళీ విరుగుతుందని ఆలోచించి 12 పళ్ళు పెట్టాడు. ఇరుసుల మధ్య దూరం మార్చడానికి వీలులేదు, పన్ను సైజు మార్చడానికి వీలులేదు. కనుక రెండు చక్రాల పళ్ళ మొత్తం మునుపటి లాగే 70 రావాలి. పెద్ద చక్రాన్ని 58 పళ్ళకు కోశాడు. ఇనుప పనిగా చూస్తే వంక పెట్టడానికి లేదు. కాని 58ని 12తో భాగిస్తే 5 చుట్లు కూడా రావు. మొదటి మెట్టు 3తో హెచ్చిస్తే మొత్తం పద్నాలుగున్నర. పద్ధెనిమిది కావలసిన చోట పద్నాలుగున్నర!

టెస్టరు గోడ గడియారం చూస్తూ సెకనుకు ఒక చుట్టు చొప్పున, నిమిషానికి ఒకటి రెండు ఎక్కువగా, మునుపటి లాగే తిప్పుతున్నాడు. 62 చుట్లకు ప్లేటు 1116 తిరగవలసింది 899 తిరుగుతున్నది. బలం 348 బదులు 226. అతని చేయి సరిగానే ఉన్నది, చేయి కింద ఉన్న చక్రం మారింది.

నాకు ఆశ్చర్యం వేసిన సంగతి వేరే ఉన్నది. రిపేరు తరువాత యంత్రం ఎలా ఉన్నదని అడిగితే అందరూ మెచ్చుకున్నారు. మునుపు బరువుగా తిరిగేదట, ఇప్పుడు చంటిపిల్లవాడు కూడా తిప్పగలడట. శబ్దం కూడా పోయిందట. పైన మిమ్మల్ని గుర్తు పెట్టుకోమన్నది ఇందుకే. హేండిల్ తేలికైందంటే నిష్పత్తి తగ్గి ఉండవచ్చు. ఆయిలు వేసినందువల్ల, బేరింగు మార్చినందువల్ల కూడా తేలిక కావచ్చు, కాదనను. కాని గేరు పని చేయించిన తరువాత యంత్రం అనుకోకుండా తేలికగా తిరిగితే సంతోషించే ముందు చుట్లు లెక్కపెట్టాలి. ఇంకోవైపు, పళ్ళు అరిగి గరగరలాడే పాత యంత్రాన్ని సభ్యులు అనుమానిస్తారు. అరిగిన పళ్ళు శబ్దం చేస్తాయి, ఒకనాడు విరుగుతాయి కూడా. అయితే పన్ను దాటి పోనంత కాలం నిష్పత్తి వెంట్రుక వాసి మారదు. 60 పళ్ళు అరిగినా 60 పళ్ళే.

ఆ సంఘంలో ఒకే గేదె పాల నమూనాను రెండు బ్యూటిరోమీటర్లలో పోయించి, ఒకటి 62 లెక్కన, ఒకటి 77 లెక్కన పాలకవర్గం ముందే తిప్పించాను. పద్నాలుగున్నర నిష్పత్తికి 77 తిప్పితే ప్లేటు మళ్ళీ 1116కు వస్తుంది. రెండో దానిలో రెండు పాయింట్లు ఎక్కువ వచ్చింది. తీర్మానం చిత్తు ఎవరు చించారో నేను చూడలేదు. మిగులు వెన్న తాలూకు డబ్బు ఆ రెండు నెలల పాలు పోసిన వారికి పోసిన వెన్న లెక్కన పంచాలని మరొక తీర్మానం వ్రాయించి వచ్చాను. బయటికి పోయిన సభ్యులలో ఇద్దరు మాత్రం తిరిగి రాలేదని తరువాత తెలిసింది.

మీ సంఘం యంత్రం నిష్పత్తి తెలుసుకోవడానికి మూత విప్పనక్కర లేదు. ప్లేటు ఖాళీ చేయండి. ప్లేటు అంచు మీద సుద్దతో ఒక గీత, దానికి ఎదురుగా యంత్రం గోడ మీద ఒక గీత గీయండి. హేండిల్‌ను చాలా నెమ్మదిగా తిప్పాలి. కొన్ని యంత్రాలలో హేండిల్ ఆపినా ప్లేటు తనంత తాను తిరుగుతూ పోయే ఏర్పాటు ఉంటుంది, వేగంగా తిప్పితే లెక్క చెడిపోతుంది. ఒక చుట్టు తిప్పి ఊరుకోవద్దు. పద్నాలుగున్నర వంటి నిష్పత్తిలో ఆ అర తెలియదు. హేండిల్ పది చుట్లు పూర్తి చేసేలోగా ప్లేటు గీత ఎన్నిసార్లు ఎదురు వచ్చిందో ఒకరు లెక్కపెట్టాలి, ఒకరు తిప్పాలి. 180 వస్తే 18, 145 వస్తే పద్నాలుగున్నర. తరువాత స్కేలుతో మధ్య నుంచి రబ్బరు మూత చివర దాకా దూరం కొలిచి పైన చెప్పిన లెక్క వేస్తే హేండిల్ నిమిషానికి ఎన్ని చుట్లు తిప్పాలో తేలుతుంది.

లెక్క మీద నమ్మకం కలగని వారికి మరొక పరీక్ష ఉన్నది, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. రీడింగు తీసిన బ్యూటిరోమీటరును కడగకుండా మళ్ళీ 65 డిగ్రీల నీళ్ళలో ఉంచి, మళ్ళీ అయిదు నిమిషాలు సరైన వేగంతో తిప్పి చూడండి. రీడింగు కదలకపోతే మొదటి తిప్పుడు చాలిందన్నమాట. పెరిగితే మొదట చాలలేదు. ఇందులో వాదనకు చోటు లేదు. నెలకు ఒకసారి సభ్యుల ఎదుట ఇది చేస్తే మంచిది.

తక్కువ వేగంతో ఎక్కువ సేపు తిప్పితే సరిపోదా అని ఒక కార్యదర్శి అడిగారు. బలం తగ్గినంత మేర కాలం పెంచితే లెక్కకు కొంత సరిపోవచ్చు. కాని అంతసేపటికి గొట్టాలు చల్లబడతాయి, వెన్న చిక్కబడి కదలదు. అంతే కాక, ఎంత సేపు పెంచాలో తెలియాలన్నా ముందు వేగం తెలియాలి గదా. అయిదు నిమిషాలను కూడా ప్లేటు పూర్తి వేగం అందుకున్నప్పటి నుంచి లెక్కించాలి, హేండిల్ పట్టుకున్నప్పటి నుంచి కాదు. ఎక్కువ వేగంతో తిప్పి ఊళ్ళో మంచి పేరు తెచ్చుకుందామనుకునే టెస్టర్లకు ఒక మాట: వేగం బలాన్ని ఎట్లా పెంచుతుందో పట్టికలో చూశారు. గొట్టం లోపల ఉన్నది గంధకామ్లం. మూత వేయకుండా, ఎదురెదురుగా బరువులు సరిచూడకుండా తిప్పడం ఎప్పుడూ కూడదు. తిరుగుతున్న ప్లేటును చేత్తో ఆపరాదు.

మీగడ తీసే చేతి యంత్రాల్లో ఈ వేగం సమస్యను చక్కగా పరిష్కరించారు. స్వీడను ఇంజనీరు గుస్తాఫ్ డి లావల్ 1878లో తయారు చేసిన సెపరేటరు తరువాత వచ్చిన చేతి యంత్రాలలో హేండిల్ నిమిషానికి 60 చుట్ల దగ్గర తిరిగితే లోపలి గిన్నె వేల చుట్లు తిరుగుతుంది. నిష్పత్తి వందకు అటూ ఇటూ. ఇక్కడ హేండిల్ కాస్త వెనకబడినా మీగడ కొంత పాలలోనే పోతుంది. అందుకని కొన్నిటిలో హేండిల్‌కు చిన్న గంట అమర్చారు. వేగం చాలనంత వరకు చుట్టు చుట్టుకూ గంట మోగుతుంది, సరైన వేగం రాగానే ఆగిపోతుంది. మన సెంట్రిఫ్యూజ్‌కు అటువంటి గంట ఉంటే నేను ఈ పాఠం వ్రాయవలసిన పని ఉండేది కాదు.

కరెంటు సెంట్రిఫ్యూజ్ ఉన్న సంఘాలు ఇది తమకు సంబంధించినది కాదనుకోవద్దు. ప్లేటు నేరుగా మోటారు మీదే ఉంటే గేరు లెక్క లేదు, నిజమే. బెల్టు ఉన్న వాటిలో పళ్ళకు బదులు పుల్లీల అడ్డకొలతలు తీసుకొని అదే లెక్క వేయాలి. మోటారు నిమిషానికి 1440 చుట్లు, దాని పుల్లీ 3 అంగుళాలు, ప్లేటు ఇరుసు పుల్లీ 4 అంగుళాలు అయితే ప్లేటుకు 1080. పగిలిన 4 అంగుళాల పుల్లీకి బదులు బజారులో దొరికిందని 5 అంగుళాలది బిగిస్తే 864కు దిగుతుంది. ఇది రాట్నం వంటిదే కనుక వదులైన బెల్టు జారుతుంది. సాయంత్రం పూట వోల్టేజి పడిపోతే మోటారు కూడా కొంత వెనకబడుతుంది. యూనియన్ మెకానిక్ వచ్చినప్పుడు చుట్లు కొలిచే టాకోమీటరు తెమ్మని కబురు చేసి, పాలు పోసే వేళకే కొలిపించాలి, మధ్యాహ్నం కాదు.

మిల్క్ ఎనలైజర్లు వచ్చిన తరువాత గెర్బర్ పరీక్ష అటకెక్కిన సంఘాలు చాలా ఉన్నాయి. ఎనలైజరులో పళ్ళ చక్రాలు లేవు, క్షణంలో అంకె చూపుతుంది. అయితే ఆ అంకె నిజమేనా అని సరిచూడడానికి మళ్ళీ గెర్బర్ గొట్టమే కావాలి, సభ్యుడు తగాదా పెట్టుకున్నప్పుడూ అదే కావాలి. తక్కువ వేగంతో తిరిగిన సెంట్రిఫ్యూజ్ రీడింగుకు ఎనలైజరును సర్దితే ఆ తక్కువ అంకెనే యంత్రం రోజూ అందరికీ చూపుతూ పోతుంది. అటకెక్కించిన చేతి యంత్రాన్ని కిందికి దించి వాడేటప్పుడు సుద్దగీత లెక్క ముందు చేయండి.

గేరు, పినియన్, పుల్లీ, బెల్టు ఏది మార్చినా స్టాకు రిజిస్టరులో వస్తువు పేరు, ఖరీదుతో పాటు పాత పళ్ళు ఎన్ని, కొత్త పళ్ళు ఎన్ని, మార్చక ముందు నిష్పత్తి ఎంత, తరువాత ఎంత అని వ్రాసి టెస్టరు, కార్యదర్శి ఇద్దరూ సంతకం చేయవలెను. విరిగిన పాత ముక్కను పారవేయక టర్నరుకు నమూనాగా ఇచ్చి, పళ్ళ సంఖ్య మారకూడదని కాగితం మీద వ్రాసి ఇవ్వండి. హేండిల్ నిమిషానికి ఎన్ని చుట్లు తిప్పాలో పెయింటుతో యంత్రం మూత మీదనే, పాలు పోసేవారికి కనబడేటట్లు వ్రాయించండి. వచ్చే తనిఖీలో ఆ అంకె, సుద్దగీత లెక్క ఒకటేనా అని నేను చూస్తాను.